కన్నీళ్ళకి కరువొచ్చిన గణేష్‌బాబు

రావులపాలెం అరటి మార్కెట్లో గణేష్‌బాబులు ఇద్దరున్నారు. ఒకాయనకి బొజ్జ, ఇంకొకాయనకి కళ్ళజోడు. అందుకని ఒకాయన్ని బొజ్జ గణేష్‌బాబనీ, రెండో ఆయన్ని సోడాబుడ్డి గణేష్‌బాబనీ పిలిచేవారు. ఈ కథ రెండో ఆయనది. బొజ్జ ఆయనకి కథేమీ లేదు. తింటాడు, పడుకుంటాడు, హాయిగా ఉంటాడు.

సోడాబుడ్డి గణేష్‌బాబుకి ఐదో తరగతిలో ముక్కెక్కిన కళ్ళజోడు నలభై దాటినా దిగలేదు. ఏడాదికోసారి అద్దాలు మందమయ్యేవి. కళ్ళజోడు తీస్తే ఆయనకి అరటిగెలకీ అరటిగెల మోసేవాడికీ తేడా తెలిసేది కాదు. ఓసారి ఫ్రిజ్ ముందు నిలబడి "ఎందుకే మాట్లాడవు, ఇప్పుడు నేనేమన్నానని?" అని బతిమాలాడని ఆయన భార్య సూర్యకళ బంధువులందరికీ చెప్పింది. అది పచ్చి అబద్ధమంటాడు గణేష్‌బాబు. ఆ రోజు ఫ్రిజ్ మీద ఆవిడ చీర ఆరేసి ఉందని కూడా ఆయనే అంటాడు.

ఇలా ఇంకో పాతికేళ్ళు గడిచిపోయేవే. కానీ కార్తీకమాసంలో ఆత్రేయపురంలో ఒక పెళ్ళికి వెళ్ళారు. అది సూర్యకళ పుట్టినూరు. తాంబూలాలు పంచుతున్న పెద్దావిడ సూర్యకళని చూసి మురిసిపోయి, పక్కనున్న గణేష్‌బాబు వైపు తిరిగి, "బాబాయిగారు కూడా వచ్చారా? సంతోషం. మీ అమ్మాయి అచ్చం అలాగే ఉందండీ, ఏం మారలేదు" అంది.

అంతలోకే అక్కడికి సూర్యకళ మేనమామ కొడుకు రాజ్ కుమార్ వచ్చాడు. గణేష్‌బాబు ఈడువాడే. కళ్ళజోడు లేదు. జుట్టుంది. ఆ పెద్దావిడ వాడి చేతిలో తాంబూలం పెట్టి, "మీ ఆయనా అమ్మా?" అని సూర్యకళని అడిగింది.

తిరిగొచ్చేటప్పుడు కార్లో, ఊరు దాటాక గణేష్‌బాబు సూర్యకళ వైపు తిరిగాడు.

"నువ్వు నవ్వావు" అన్నాడు.

"నవ్వలేదండీ."

"పమిట అడ్డం పెట్టుకుని నవ్వావు. నాకు కళ్ళజోడుంది, బాగానే కనబడింది."

"పోనిద్దురూ. బాబాయి అంది కానీ తాతయ్య అనలేదుగా."

గణేష్‌బాబు గుండెలో ఆ మాట ముల్లులా దిగింది. మర్నాడు కాఫీ తాగుతూ లేజర్ మాటెత్తాడు. రాజమండ్రిలో చేస్తున్నారట, పొద్దున్న వెళ్తే సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చట, కళ్ళజోడు పీడ శాశ్వతంగా వదులుతుందట.

సూర్యకళ చేతిలో గరిటె ఆగిపోయింది. "కంట్లో నలక పడితే వీధివీధంతా పోగయ్యేలా అరిచే మనిషి మీరు. కంటికి లేజరా? సాయంత్రమయ్యేసరికి కళ్ళు మండుతున్నాయని తడిగుడ్డ వేసుకుని పడుకుంటారు. ముందు ఆ మంట సంగతి చూపించుకోండి. కళ్ళజోడుకేం వచ్చింది? నాకు అలవాటైపోయింది."

"నీకు అలవాటైంది నా కళ్ళజోడు. మొహం కాదు."

"అయితే ఆ మొహానికి లేజర్ చేయించుకోండి."

అక్కడితో ఆ చర్చ ముగిసింది. పథకం మొదలైంది.

పథకంలో రెండో మనిషి లోకనాథ్. గణేష్‌బాబు కొట్లో గుమాస్తా. ఏం చెప్పినా "ఆయ్, అంతేనండి" అంటాడు. మంచి సలహాకీ అదే మాట, చెడ్డ సలహాకీ అదే మాట. బరంపురం వ్యాపారులతో మాట్లాడి రావాలని ఇంట్లో చెప్పి, గణేష్‌బాబు అతన్ని వెంటబెట్టుకుని రాజమండ్రి వెళ్ళాడు.

పరీక్షలు చేసే ముందు డాక్టర్ గారు చాలా మర్యాదగా అడిగారు. "కళ్ళు పొడిబారినట్టు ఉంటాయా? మంట, ఇసక పడ్డట్టు గరగర, సాయంత్రాలు ఎర్రబడటం?"

గణేష్‌బాబుకి పదేళ్ళ తడిగుడ్డలు గుర్తొచ్చాయి. "అబ్బే, అలాంటివేం లేవండి" అన్నాడు.

"ఒకసారి పరీక్ష కూడా చేద్దాం. కన్నీళ్ళు చాలినంత లేనివాళ్ళకి ముందు వాటికి మందు వేసి, తర్వాతే ఆపరేషన్ సంగతి చూస్తాం. కొందరికి అసలు వద్దనే చెప్తాం."

ఆ పరీక్షేమిటో లోకనాథ్ కనుక్కొచ్చాడు. కింది రెప్పలో చిన్న కాగితం ముక్క పెట్టి, అది ఎంత తడుస్తుందో చూస్తారట. గణేష్‌బాబు బయట ఆగి ఉన్న తోపుడు బండి దగ్గరకి వెళ్ళి ఒక ఉల్లిపాయ కొన్నాడు. బాత్రూంలోకి దూరి, దాన్ని పళ్ళతో కొరికి, రెండు ముక్కలూ కళ్ళ దగ్గర పెట్టుకుని, పుట్టెడు దుఃఖంతో బయటికొచ్చాడు. కాగితం తడిసి ముద్దయింది. పరీక్ష చేసిన అమ్మాయి ఆశ్చర్యంగా చూసి, కొంచెం వెనక్కి జరిగి, ఫ్యాన్ వేసింది.

అలా జీవితంలో మొదటిసారి గణేష్‌బాబు ఒక పరీక్షలో ఫస్టు క్లాసులో పాసయ్యాడు. అదీ కాపీ కొట్టి.

ఆపరేషన్ ఇట్టే అయిపోయింది. లోకనాథ్ అక్కగారింట్లో నల్లద్దాలు పెట్టుకుని పడుకుని లేచాక, గణేష్‌బాబు డాబా ఎక్కి గోదావరి వైపు చూశాడు. వంతెన మీద వెళ్తున్న రైలు కిటికీలు దేనికది విడిగా కనబడ్డాయి. కొబ్బరాకు ఈనెలు కనబడ్డాయి. ఐదో తరగతికి ముందు లోకం ఇలా ఉండేదా అనుకున్నాడు. అప్పుడు సూర్యకళ పక్కన ఉంటే బావుండునని ఒక్క క్షణం అనిపించింది. అనిపించిన మాటని నొక్కేసి కిందికి దిగాడు.

ఎందుకంటే పథకంలో రెండో భాగం ఇంకా ఉంది. పాత ఫ్రేములో పవర్ లేని ఉత్త గాజు బిళ్ళలు వేయించి, అది పెట్టుకునే ఇంటికి వెళ్ళాలి. మాఘమాసంలో పెళ్ళిరోజున సూర్యకళని పట్టిసీమ తీసుకెళ్ళాలి. పడవ నడిగోదాట్లోకి వెళ్ళాక, ఠీవిగా లేచి నిలబడి, కళ్ళజోడు తీసి నీళ్ళలోకి విసిరెయ్యాలి. సూర్యకళ నోరు తెరుచుకుని అలా చూస్తూ ఉండిపోవాలి.

"ఎలా ఉంది?" అని అడిగాడు లోకనాథ్‌ని.

"ఆయ్, బ్రహ్మాండమండి" అన్నాడు లోకనాథ్.

ఇంటికి వెళ్ళేసరికి సూర్యకళ గుమ్మంలో ముగ్గు పెడుతోంది. తలెత్తి చూసింది. చూస్తూనే ఉంది.

"ఏంటలా చూస్తున్నావు?"

"ఏం లేదండీ. బరంపురం నీళ్ళు పడ్డట్టున్నాయి" అని మళ్ళీ ముగ్గులోకి వంగింది.

కొన్నాళ్ళు అంతా సవ్యంగానే నడిచింది. తర్వాత కళ్ళు ఎండిపోవడం మొదలుపెట్టాయి. పొద్దున్న లేవగానే రెప్ప కనుగుడ్డుకి అతుక్కుని, తెరుస్తుంటే పాత షట్టరు ఎత్తినట్టు ఉండేది. మధ్యాహ్నానికి ఎవరో కంట్లో ఇసక చల్లినట్టు గరగర. కొద్దిపాటి పొడిదనం మామూలేనని, చుక్కల మందు వేసుకుంటూ ఉండమని, మంట ఎక్కువైతే వెంటనే రమ్మని డాక్టర్ గారు ముందే చెప్పారు. గణేష్‌బాబు చుక్కలైతే వేసుకున్నాడు కానీ వెళ్ళలేదు. వెళ్తే మంట ఎప్పట్నుంచని అడుగుతారు. అడిగితే ఉల్లిపాయ బయటికొస్తుంది.

మాఘం వచ్చింది. పెళ్ళిరోజూ వచ్చింది. పట్టిసీమ రేవులో పడవెక్కారు. ఎదురుగా నది మధ్య కొండ మీద వీరభద్రుడి గుడి ఎండలో మెరుస్తోంది. పడవ నడిమికి రాగానే గణేష్‌బాబు లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి, పడతారు" అంది సూర్యకళ.

"సూరీ! ఇటు చూడు!" అంటూ కళ్ళజోడు తీసి, చెయ్యి బారుగా చాపి, గోదాట్లోకి విసిరాడు. పడవలో వాళ్ళందరూ "అయ్యయ్యో!" అన్నారు.

సరిగ్గా అప్పుడే నది మీంచి గాలి లేచింది. ఇసకమేటల మీంచి ఇంత ఇసకని కూడా వెంటబెట్టుకొచ్చింది. ఇన్నేళ్ళూ ఆ గాలికి అడ్డంగా రెండు మందపాటి గాజుపలకలుండేవి. ఇప్పుడేమీ లేవు. గణేష్‌బాబు కళ్ళు భగ్గుమన్నాయి. రెండు చేతులతో మొహం మూసుకుని కూలబడిపోయాడు. డాక్టర్లు చెప్పే విచిత్రం ఒకటుంది, మరీ ఎండిపోయిన కన్ను మంటెక్కితే ఒక్కసారి ధారలు కడుతుందట. ఆ ధారలన్నీ ఆ పడవలోనే కట్టాయి.

పడవ దిగాక కళ్ళు తెరవడం ఆయన వల్ల కాలేదు. సూర్యకళ చెయ్యి పట్టుకుని ఇసకలో నడిపించింది. మెట్లెక్కించింది.

"మెట్టు... ఇంకో మెట్టు... ఇక్కడ చదునండీ, కాలెత్తకండి."

"జరగండి బాబూ, చూపు లేని ఆయన, దారివ్వండి" అని ఎవరో అరిచారు. జనం పాపమని పక్కకి తప్పుకున్నారు. ఆ రోజు ఆలయంలో వాళ్ళకి దొరికినంత త్వరగా దర్శనం ఎవరికీ దొరకలేదు. పూజారి గారు తీర్థం ఇస్తూ జాలిపడ్డారు. "స్వామి దయవల్ల చూపు వస్తుందమ్మా. దిగులు పడకు."

"వచ్చిందండీ" అంది సూర్యకళ. "వచ్చాకే ఇలా అయ్యారు."

కొండ దిగేముందు గాలి తగలని చోట కూర్చున్నాక గణేష్‌బాబుకి కాస్త కళ్ళు తెరుచుకున్నాయి. సూర్యకళ నోరు తెరుచుకుని చూడటం లేదు. జామకాయ కొరుక్కుంటోంది.

"నీకు ఆశ్చర్యంగా లేదూ?"

"బరంపురం నుంచి వచ్చిన రోజే అయ్యానండీ ఆశ్చర్యం."

"అప్పుడే తెలిసిపోయిందా? ఎలా?"

"ఇన్నేళ్ళూ ఆ అద్దాల వెనక మీ కళ్ళు ఆవగింజల్లా ఉండేవి. ఆ పొద్దున్న గుమ్మంలో ఇంతింత కళ్ళేసుకుని నిలబడ్డారు. అదే ఫ్రేము, అదే చొక్కా, మనిషెవరో అర్థం కాలేదు. కాసేపు భయమేసింది కూడా."

గణేష్‌బాబు ఆశగా అడిగాడు. "బావున్నానా?"

సూర్యకళ జామకాయ పక్కన పెట్టింది. ఆయన మొహంలోకి చూసి, "మంటగా ఉందా?" అంది.

అదీ అసలు తలుపు. అక్కడ లోపలికి అడుగుపెట్టి అంతా చెప్పేసి ఉంటే, ఈ కథ పట్టిసీమ మెట్ల మీదే అయిపోయేది. కానీ మంటగా ఉందంటే, ముందు మంట సంగతి చూపించుకోమన్న సూర్యకళ గెలిచినట్టే.

"మంటేంటి? అవి ఆనందబాష్పాలు" అన్నాడు రెప్ప వెయ్యకుండా.

"సరే" అంది సూర్యకళ.

ఆ రోజునుంచి చుక్కల సీసా ఫ్రిజ్‌లో చింతపండు డబ్బా వెనక్కి చేరింది. సూర్యకళ పెరట్లోకి వెళ్ళినప్పుడల్లా గణేష్‌బాబు ఫ్రిజ్ తలుపు తీసి, దానిలో తల దూర్చి, పైకి చూస్తూ చుక్కలు వేసుకునేవాడు. వేసవి ముదిరింది. ఫ్యాను గాలి తగిలితే కళ్ళు ఎండిపోతాయి. ఏసీ అయితే మరీను.

"ఫ్యానెందుకు ఆపారండీ?"

"కొంచెం చలేసింది."

"ఏప్రిల్లోనా?"

"నా ఒళ్ళు కదా, నాకు తెలీదా?"

"వేస్తే చలి, ఆపితే చెమట. చలికి చెమట పట్టే మనిషిని మిమ్మల్నే చూశాను" అంటూ ఆవిడ విసనకర్ర తెచ్చుకుని తనవైపు మాత్రమే విసురుకునేది. గాలి పొరపాటున కూడా ఆయన వైపు వచ్చేది కాదు. అది కోపమనుకున్నాడు గణేష్‌బాబు.

మార్కెట్లో సంగతి వేరుగా తయారైంది. కళ్ళజోడు పోయాక జనం ఆయన్ని గుర్తుపట్టడమే మానేశారు. "సోడాబుడ్డి గారు లేరా?" అని ఆయన్నే అడిగేవారు. ఎండుటాకుల దుమ్ముకి ఎర్రబడ్డ కళ్ళు చూసి పొద్దున్నే మందు కొట్టి వస్తున్నాడని పుకారు లేచింది. గెలల వేలంలో ధర చెబుతూ బుగ్గల మీద నీళ్ళు కార్చుకుంటుంటే ఒరిస్సా వ్యాపారి ఒకాయన తట్టుకోలేక భుజం నిమిరి, "ఎందుకు బాబూ ఏడుస్తావు, నీ మాటే ఖాయం" అని బేరమాడకుండా వెళ్ళిపోయాడు. లాభమే. కానీ కొట్లో కూర్చుని ఆ రోజు సరుకు చూసుకుంటుంటే ఆ జాలి చూపే గుర్తొచ్చి గణేష్‌బాబుకి భోజనం సయించలేదు.

ఒక విషయం మాత్రం ఆయనకి అర్థం కాలేదు. ఆ చుక్కల సీసా ఎంత వాడినా అవ్వడం లేదు. కంపెనీవాళ్ళు మంచివాళ్ళనుకున్నాడు.

ఏప్రిల్ నెలాఖర్లో పాపాయమ్మగారు కబురు చేసింది. సూర్యకళకి పెద్దమ్మ. తల్లి చిన్నప్పుడే పోతే సూర్యకళని పెంచింది ఆవిడే. ఆత్రేయపురంలో తన ఇంట్లోనే కూర్చుని పూతరేకులు తీస్తుంది. ఆవిడ ఇచ్చే రేకుల డబ్బా ఇదివరకు వారంవారం గణేష్‌బాబు వెళ్ళి తెచ్చుకునేవాడు. డబ్బాకోసమే అనేవాడు కానీ, తల్లి లేని ఇంటి అల్లుడికి ఆవిడ పక్కన కూర్చుంటే అత్తవారిల్లు అంటే ఏమిటో తెలిసేది. కళ్ళు మండటం మొదలయ్యాక అటు వెళ్ళడం మానేశాడు.

ఆయన వెళ్ళేసరికి పాపాయమ్మగారు బోర్లించిన కుండ ముందు కూర్చుని ఉంది. కింద కొబ్బరిమట్టల మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద ఇలా పరిచి అలా తీసేసరికి కాగితం కంటే పల్చటి రేకు లేచి వస్తోంది. పొగ గదంతా తిరుగుతోంది. గణేష్‌బాబు పీట వేసుకుని కూర్చున్న కాసేపటికే కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి.

"ఏంటి బాబూ, కళ్ళు అలా ఉన్నాయి?"

"పొగండీ, అత్తయ్యగారూ."

"పొగ కాదు. నువ్వు గుమ్మంలోకి వచ్చినప్పుడే చూశాను. చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆపరేషన్ చేయించుకున్నావటగా, అది పడలేదా?"

"అబ్బే, నిక్షేపంగా ఉన్నాయండీ. మీ గోడ మీద నడుస్తున్న చీమకి కాళ్ళు కూడా కనబడుతున్నాయి."

"కనబడటం సంగతి కాదయ్యా నేనడిగింది. బాధగా ఉందా అని."

చెప్పేయాలనే అనిపించింది. ఆవిడ అడిగిన తీరు అలాంటిది. కానీ ఆవిడకి చెప్తే సాయంత్రానికి సూర్యకళకి తెలుస్తుంది. "ఏం బాధా లేదండి. మీమీద ఒట్టు" అన్నాడు నవ్వుతూ.

పాపాయమ్మగారు అప్పుడే తీసిన రేకు మీద నెయ్యి రాసి, పంచదార చల్లి, మడిచి ఆయన చేతిలో పెట్టింది. "తిను. గాలి తగిలితే మెత్తబడిపోద్ది." తిన్నాడు. డబ్బా తీసుకుని వచ్చేశాడు. వీధి మలుపులో వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ గుమ్మందాకా వచ్చి నిలబడి ఉంది.

అదే ఆఖరిసారి చూడటం.

మే నెలలో ఒక పొద్దున్న రాజ్ కుమార్ ఫోన్ చేశాడు. పాపాయమ్మగారు స్నానం చేసి, కాఫీ తాగి, కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే వెళ్ళిపోయిందట. సూర్యకళ ఫోన్ పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. కట్టుబట్టలతో బయల్దేరారు. చుక్కల సీసా మాట గణేష్‌బాబుకి గుర్తే లేదు.

ఆత్రేయపురంలో ఇల్లంతా జనం. పాపాయమ్మగారిని అరుగు మీద పడుకోబెట్టారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఏడుస్తున్నారు. రాజ్ కుమార్ జేబురుమాలు పిండుకుంటూ, తువ్వాలు తెప్పించుకుంటూ ఏడుస్తున్నాడు. గణేష్‌బాబు ఆవిడ కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. లోపల గుండె పిండేసినట్టుంది. ఆవిడ చెయ్యి చూశాడు. వేళ్ళ కొసలు కుండ వేడికి నల్లబడి గట్టిపడిపోయి ఉన్నాయి. ఆ చేత్తోనే మొన్న రేకు మడిచి పెట్టింది. "మీమీద ఒట్టు" అన్నాడు తను.

ఏడుద్దామనుకున్నాడు. ఒక్క చుక్క రాలేదు. నదిగాలికీ, పొగకీ, ఎండుటాకుల దుమ్ముకీ ధారగా కారిన కళ్ళు ఇప్పుడు, కారవలసిన చోట, ఎండిన చెరువుల్లా ఉండిపోయాయి. ఎంత ప్రయత్నిస్తే అంత మంట. మంటకి కళ్ళు పెద్దవి చేసుకుని గుడ్లప్పగించి చూస్తున్నాడు.

"కొడుకు కంటే ఎక్కువగా చూసింది. కన్ను చెమర్చిందేమో చూడవే" అంది వెనకనుంచి ఒకావిడ.

"డబ్బాల అల్లుడు. డబ్బాలు ఆగిపోయాయని దిగులు, అంతే" అంది ఇంకొకావిడ.

ప్రతి మాటా వినబడింది. తల దించుకున్నాడు. తల దించుకుంటే గర్వమని ఇంకెవరో అన్నారు.

అప్పుడు ఎవరో మోచెయ్యి పట్టుకుని లాగారు. సూర్యకళ. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది. మాట్లాడకుండా పెరట్లోకి, కొబ్బరిమట్టలు పేర్చిన గోడ వెనక్కి తీసుకెళ్ళింది.

"తలెత్తండి."

"ఏంటి?"

"తలెత్తండి. పైకి చూడండి."

కొంగు ముడి విప్పి చుక్కల సీసా తీసింది. ఆయన గడ్డం పట్టుకుని, రెప్ప కిందికి లాగి, ఒక కంట్లో వేసింది. ఇంకో కంట్లో వేసింది. చల్లగా దిగింది.

గణేష్‌బాబు ఆ సీసా వైపు చూశాడు. "ఇది... చింతపండు డబ్బా..."

"వెనకది. వచ్చేటప్పుడు తెచ్చాను. మీరు మర్చిపోతారని తెలుసు."

"నీకెప్పట్నుంచి...?"

"ఒక్క సీసా ఇన్నాళ్ళు వస్తుందా అండీ? ఖాళీ అయినప్పుడల్లా కొత్తది కొని పెడుతున్నది ఎవరనుకున్నారు? మొదటిసారి మందుల షాపులో సీసా చూపించి ఇదెందుకని అడిగాను. తెలిసింది. విసనకర్ర అటు తిప్పుకున్నది కూడా అందుకే." ఆవిడ కొంగుతో తన కళ్ళు తుడుచుకుంది. "ఇంకో చుక్క వేస్తాను, కదలకండి. ఇక్కడ పొగ ఎక్కువ."

ఆయన మళ్ళీ అరుగు దగ్గరకి వచ్చేసరికి మందు పొంగి రెండు బుగ్గల మీదుగా కారుతోంది. చూసినవాళ్ళ మనసు కరిగింది. "పాపం, లోపల్లోపల కుమిలిపోతున్నాడు. చాటుకెళ్ళి ఏడ్చొచ్చాడు" అంది ఇందాకటావిడే. రాజ్ కుమార్ వచ్చి తన తువ్వాలు ఇచ్చాడు. గణేష్‌బాబు దాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. తల్లిలాంటి పెద్దమ్మ పోయిన రోజున, తన ఏడుపు మధ్యలో ఆపుకుని, భార్య వచ్చి తన కళ్ళలో కన్నీళ్ళు పోసి వెళ్ళింది. అంత సిగ్గు ఆయన జన్మలో పడలేదు.

కర్మకాండ అయ్యాక సూర్యకళే రాజమండ్రి తీసుకెళ్ళింది. తన స్కూటీ మీద, వెనక ఆయన్ని కూర్చోబెట్టుకుని.

డాక్టర్ గారు పరీక్ష చేసి, పాత రిపోర్టు చూసి, నుదురు ముడిచారు. "ఇంత పొడిబారాయేంటండీ? మంట ఎప్పట్నుంచి?"

"ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళకి..." అని మొదలుపెట్టాడు గణేష్‌బాబు.

"పదేళ్ళనుంచండీ" అంది సూర్యకళ.

"పదేళ్ళా? మరి అప్పుడు లేదన్నారు. కన్నీళ్ళ పరీక్షలో కూడా కాగితం పూర్తిగా తడిసిందే!"

సూర్యకళ భర్త వైపు తిరిగి కూర్చుంది. గణేష్‌బాబు నేల వైపు చూసి, చొక్కా గుండీ తిప్పి, చాలా చిన్న గొంతుతో, "ఉల్లిపాయండీ" అన్నాడు.

డాక్టర్ గారికి రెండుసార్లు చెప్పించుకుంటే గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన నవ్వలేదు. పెన్ను పక్కన పెట్టారు. "నిజం చెప్పుంటే ముందు దీనికి వైద్యం చేసేవాణ్ణి. అప్పటికీ తగ్గకపోతే ఆపరేషన్ వద్దనేవాణ్ణి. చాలామందికి ఈ పొడిదనం కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. మీకు ముందునుంచీ ఉంది కాబట్టి టైం పడుతుంది. పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేను."

కన్నీళ్ళు ముక్కులోకి దిగిపోకుండా ఆ సన్నని దారికి చిన్న బిరడాలు పెట్టారు. మందులు మార్చారు. గోరువెచ్చని గుడ్డ కాపడం పెట్టమన్నారు. గాలిలోకి వెళ్తే చుట్టూ మూసి ఉండే కళ్ళజోడు పెట్టుకోమన్నారు. దగ్గరివి చదవడానికి ఈ వయసులో ఎలాగూ ఇంకో కళ్ళజోడు కావాలన్నారు. ఒకటి వదిలించుకోడానికి వచ్చినవాడికి రెండు అంటగట్టి, ఫోన్ చూసేటప్పుడు రెప్పలెయ్యడం మర్చిపోవద్దన్నారు.

"ఆ సంగతి నేను చూసుకుంటానండీ" అంది సూర్యకళ.

బయటికొచ్చాక హాల్లో బెంచీ దగ్గర ఆవిడ ఆగింది. "ఆపరేషన్ రోజున లోకనాథ్ ఇక్కడే కూర్చున్నాడా?"

"ఊఁ."

"నాకు చెప్పుంటే వద్దనేదాన్ని. మీరు వినేవారు కాదు. కానీ ఇక్కడ నేను కూర్చునుండేదాన్ని కదా."

గణేష్‌బాబు వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చున్నాడు.

గాలికి అడ్డంగా పెట్టుకునే కళ్ళజోడు తయారవ్వడానికి ఇంకా టైం పడుతుందన్నారు. అందుకని స్కూటీ వెనక కళ్ళు గట్టిగా మూసుకుని, భార్య భుజం పట్టుకుని కూర్చున్నాడు. బ్యారేజీ దాటేటప్పుడు నీళ్ళ హోరు వినబడింది. బొబ్బర్లంక దాటాక గాల్లో తడిమట్టి వాసన వచ్చింది. ఎక్కడికొచ్చారో కళ్ళు తెరవకుండానే తెలిసింది. కాసేపటికి కొబ్బరిమట్టల పొగా, కాగిన నెయ్యి వాసనా తగిలాయి. ఆత్రేయపురం.

"సూరీ."

"ఊఁ."

"ఆఖరిసారి వెళ్ళినప్పుడు మీ పెద్దమ్మ నన్ను అడిగింది, కళ్ళు బాధగా ఉన్నాయా అని. లేవని చెప్పాను. ఆవిడ మీద ఒట్టు కూడా పెట్టాను. నీకు చెప్పేస్తుందని" అన్నాడు. "నేను ఆవిడతో చెప్పిన ఆఖరి మాట అబద్ధం. నమ్మేసి వెళ్ళిపోయింది."

స్కూటీ కాస్త నెమ్మదించింది.

"ఎవరు నమ్మారు?" అంది సూర్యకళ. "మీరు డబ్బా పట్టుకుని వీధి మలుపు తిరిగారో లేదో, నాకు ఫోన్ చేసింది. 'మీ ఆయన కళ్ళు బాగా బాధపెడుతున్నాయే. నామీద ఒట్టు పెట్టి మరీ అబద్ధం ఆడాడు, పిచ్చి మారాజు. నువ్వు అడగమాకు, చిన్నబుచ్చుకుంటాడు. మెత్తటి మనిషి, వాడే చెప్తాడు, కాస్త ఓపిక పట్టు' అంది. తర్వాత కూడా ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది, చెప్పాడా, చెప్పాడా అని."

సూర్యకళ హారన్ కొట్టి ఒక సైకిల్ని తప్పించింది.

"పోయే ముందురోజు కూడా అడిగింది. ఇంకా లేదు పెద్దమ్మా అన్నాను. రేపు చెప్తాడేమోలే అంది."

గాలి జోరుగా తగులుతోంది. ఆయన భార్య భుజం మీద చెయ్యి తీసి, మళ్ళీ వేశాడు. ఏదో అనబోయి కళ్ళు తెరిచాడు.

అద్దంలోంచి చూసినట్టుంది సూర్యకళ. "తెరవకండి" అంది. "గాలి తగ్గేదాకా అలా మూసుకునే ఉండండి. ఏం చెప్పాలనుకున్నా ఇంటికెళ్ళాక చెప్పండి. వింటాను."

గణేష్‌బాబు కళ్ళు మూసుకున్నాడు.